పిల్లిని కొన్నది ఒకరు, చూసుకోవాల్సింది ఇంకొకరా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంట్లో పిల్లి ఉంటే మనిషికి టెన్షన్ తగ్గుతుందని మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ ఆ ఇంట్లో పిల్లికి ఎంత టెన్షనో కూడా ఎవరో ఒకరు రాయాలి కదా, అందుకే ఈ ఉత్తరం.

నేను హైదరాబాద్ కొండాపూర్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటున్నాను. అందులో ఒకమ్మాయి నిరుడు ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి రెండు పర్షియన్ పిల్లుల్ని కొనుక్కొచ్చింది, ఒకటి మగది, ఒకటి ఆడది. మమ్మల్ని అడగలేదు, సర్‌ప్రైజ్ అంది. మనిషి చెడ్డదేమీ కాదు, వాటిని ఒళ్ళో పెట్టుకుని ముద్దులాడుతుంది, రీల్స్ తీస్తుంది, పుట్టినరోజుకు కేకు కూడా కోసింది. ముద్దుకు లోటు లేదండీ, చాకిరీ దగ్గరే వస్తోంది చిక్కంతా. ఏమన్నా అంటే "అక్కా, పిల్లులు కుక్కల్లా కాదు, వాటి పని అవే చూసుకుంటాయి" అంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుని ఎంతమంది పిల్లుల్ని కొంటున్నారో నాకు తెలీదు కానీ, మా ఫ్లాట్లో మాత్రం వాటి పని అవి చూసుకోలేదు.

తిండితో మొదలుపెడతాను. క్యాట్ ఫుడ్ డబ్బా నెల మొదటివారంలో అయిపోతే మళ్ళీ జీతం పడేదాకా పాలన్నం, పెరుగన్నమే. పిల్లి అంటే పాలు అని మనకు చిన్నప్పటినుంచీ బుర్రలో పడిపోయింది. నిజానికి పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పైగా పిల్లి పూర్తిగా మాంసం మీద బతికే జీవి. టారిన్ అనే పోషకాన్ని దాని ఒళ్ళు తగినంత తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అది చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండె సంగతి 1987లోనే బయటపడింది, అప్పటినుంచి క్యాట్ ఫుడ్ కంపెనీలు టారిన్ పాళ్ళు పెంచాయి. మా అమ్మమ్మగారింట్లో పిల్లి పెరుగన్నం తినే బతికింది కదా అనే వాళ్ళుంటారు. బతికింది, ఎందుకంటే పగలంతా ఊరు తిరిగి ఎలుకనో తొండనో పట్టుకునేది. నాలుగో అంతస్తులో బాల్కనీకి నెట్ కొట్టి తలుపులేసి ఉంచిన పిల్లికి ఎలుక ఎక్కడినుంచి వస్తుంది?

పర్షియన్ పిల్లికి రోజూ దువ్వాలి, ఇది అమ్మేవాడు చెప్పడు. దువ్వకపోతే బొచ్చు చిక్కుపడి అట్టలు కడుతుంది. ఆడపిల్లికి చంకల కింద, పొట్ట మీద అలాగే కట్టింది, ఎత్తుకోబోతే కీచుమనేది, పొగరెక్కిందని నవ్వుకున్నారు. డాక్టరు దగ్గర మిషన్ పెట్టి ఆ అట్టలు తీస్తే కింద చర్మం ఎర్రగా కమిలిపోయి, అక్కడక్కడ చెమ్మగా ఉంది. అది నడిచినప్పుడల్లా ఆ బొచ్చు చర్మాన్ని లాగుతూ ఉందన్నమాట. కత్తెరతో ఇంట్లోనే కోసేద్దామని పిల్లుల్ని తెచ్చిన మా ఫ్రెండ్ ఒకసారి కూర్చుంది, వద్దని లాక్కున్నాను, ఆ పలచని చర్మం బొచ్చుతో పాటు తెగొస్తుంది.

అసలు భయపడింది మగపిల్లి విషయంలో. ఒక శనివారం ఆమె ఊరెళ్ళింది. పళ్ళెం నిండా డ్రై ఫుడ్ కుప్ప పోసి, గిన్నెడు నీళ్ళు పెట్టి వెళ్ళిపోవడం ఆమెకు మామూలే. ఆ గిన్నె అడుగున వేలు పెడితే పాచి జారుతూ ఉంటుంది. అసలే పిల్లులు నీళ్ళు తక్కువ తాగే రకం, అలాంటి నీళ్ళు ఏం తాగుతాయి? సాయంత్రం చూస్తే సింబా, అదే మగపిల్లి, మలమూత్రాలకని పెట్టిన ట్రేలో కూర్చుని ముక్కుతోంది, లేస్తోంది, మళ్ళీ వెళ్ళి కూర్చుంటోంది, ఒక్క చుక్క రావడం లేదు. ఫోన్ చేస్తే "మోషన్ రావట్లేదేమో, కొంచెం నెయ్యి పెట్టక్కా" అంది. మోషన్ సంగతి కాదది. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం, చిన్న రాళ్ళో జిగురో అడ్డుపడితే మూసుకుపోతుంది, ఒకటి రెండు రోజులు అలా వదిలేస్తే విషం ఒళ్ళంతా ఎక్కి ప్రాణం పోతుంది. రాత్రి తీసుకెళ్తే మత్తిచ్చి గొట్టం వేసి తీశారు. ఇంకొన్ని గంటలు ఆగితే చెప్పలేమన్నారు. బిల్లు నేను కట్టాను, ఆమె వాయిదాల్లో ఇస్తోంది, అది వేరే కథ. దయచేసి ఈ ఒక్క విషయమైనా మీ పేపర్లో వేయండి: మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ఏమీ రాకుండా లేస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఒళ్ళు వేడిగా ఉందని మనుషుల పారాసిటమాల్ ముక్క వేయొద్దు కూడా, పిల్లి లివర్ దాన్ని అరిగించుకోలేదు, చిన్న మోతాదే చంపేస్తుంది.

ఇక ఆ ట్రే. ఒక పిల్లికి ఒకటి చొప్పున, పైన ఇంకొకటి ఉండాలంటారు డాక్టర్లు, అంటే రెంటికి మూడు. మా దగ్గర ఉన్నది ఒకటే, అదీ వారానికోసారి మారుస్తుంది. శుభ్రంగా లేకపోతే పిల్లి అందులోకి పోదు, సోఫా మీదో పక్క మీదో పోస్తుంది. అప్పుడు కొట్టేది పిల్లినే. వాసన లిఫ్టు దాకా వస్తోందని ఓనర్ అంకుల్ ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తానన్నారు, ముగ్గురి అడ్వాన్సూనూ. మూడో అమ్మాయికి చేతి మీద తామర వచ్చింది, పిల్లుల నుంచి మనుషులకు అది ఇట్టే అంటుకుంటుంది. గర్భిణులున్న ఇంట్లో అయితే ఇంకా జాగ్రత్త, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఒక రోజు దాటాకే అంటుకునే స్థితికి వస్తుంది, అందుకే ట్రే ఏ రోజుకారోజు తీసేయమంటారు, అదీ గర్భిణి చేత కాకుండా వేరేవాళ్ళ చేత.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంటే "పాపం, ఒక్కసారైనా తల్లి కావాలి కదా" అంటుంది. అలాంటి అవసరం ఏమీ లేదని డాక్టరే చెప్పారు. నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే ఆడపిల్లి ఎదకు రావచ్చు, చూలు రెండు నెలలే, ఒక ఈతలో నాలుగైదు పిల్లలు. వేరువేరు గదుల్లో పెట్టి తలుపులేసి ఎంతకాలం నెట్టుకొస్తాం? ఆ అరుపులకు మాకు రాత్రుళ్ళు నిద్ర లేదు. రేపు పిల్లలు పుడితే ఏం చేస్తావంటే కాలనీ పార్కులో వదిలేస్తే ఎవరో ఒకరు పెంచుకుంటారట. కుక్కలు పెంచుకుంటాయా?

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పెంచేవాళ్ళు తిండి, నీళ్ళు, తగిన నీడ ఇవ్వకపోవడం నేరం, కారణం లేకుండా వదిలేయడమూ నేరమే. శిక్ష ఏమిటో తెలుసా, మొదటిసారి దొరికితే 10 నుంచి 50 రూపాయల జరిమానా. మా వీధి చివర టీ, సమోసా అంతకంటే ఎక్కువ. 2022లో కేంద్రం ఈ చట్టాన్ని మార్చేందుకు ముసాయిదా బయటపెట్టి జనం అభిప్రాయాలు అడిగింది. అక్కడితో ఆగకూడదు, దీని గురించి మీ పత్రిక రాయాలి. అయినా నేను ఆ అమ్మాయి మీద కేసు పెట్టాలనుకోవడం లేదు, ఒకే కిచెన్‌లో వండుకునే మనిషి మీద ఎవరు పెడతారు? నా కోపమంతా అమ్మేవాళ్ళ మీద. 2018 నాటి పెట్ షాపుల నిబంధనల ప్రకారం పెంపుడు జంతువులు అమ్మే షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మా వాటిని అమ్మినవాడు ఒక అపార్ట్‌మెంట్ గదిలోంచి బుట్టలో పెట్టి ఇచ్చాడు, టీకా కార్డు అడిగితే తర్వాత వాట్సాప్ చేస్తానన్నాడు, నంబరు బ్లాక్ చేశాడు. పిల్లికూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు వేయాలి, లేకపోతే పాన్‌ల్యూకోపీనియా లాంటి వైరస్ జబ్బు రోజుల్లో చంపేస్తుంది. రేబిస్ టీకా సరేసరి, పిల్లి కరిచినా రేబిస్ వస్తుంది.

రూమ్‌మేట్లతో ఉండేవాళ్ళకు నేను చెప్పేది, పిల్లి రాకముందే మాట్లాడుకోండి. ఊరెళ్తే ఎవరు చూస్తారు, అర్ధరాత్రి డాక్టరు బిల్లు ఎవరిది, ఓనర్ కోస్తే ఎవరి వాటాలోంచి, ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టుకోండి, మొహమాటపడకండి. కరెంటు బిల్లు దగ్గర రూపాయి రూపాయి పంచుకునేవాళ్ళం దీనికెందుకు సిగ్గుపడాలి? ప్రైవేటు క్లినిక్ భరించలేకపోతే నారాయణగూడలో ప్రభుత్వ వెటర్నరీ ఆసుపత్రి ఉంది, చాలామందికి తెలియదు. జిల్లాల్లో ఎక్కడెక్కడ పిల్లులకు టీకాలు, ఆపరేషన్లు చేస్తారో మీరు ఒక పేజీ వేస్తే బాగుంటుంది.

వచ్చే నెల పిల్లుల్ని కొన్న ఆ అమ్మాయి ప్రాజెక్టు మీద పుణె వెళ్తోంది. పిల్లుల సంగతేమిటే అంటే "నువ్వున్నావుగా అక్కా" అంది. వెళ్ళేలోపు రెంటికీ ఆపరేషన్ చేయించి, టీకాల కార్డు నా చేతిలో పెట్టి, నెలకు వాటి ఖర్చు ఇంతని గ్రూపులో రాయమన్నాను. డాక్టరు అపాయింట్‌మెంట్ ఇంకా తీసుకోలేదు, పుణె టికెట్ మాత్రం బుక్ అయింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొండాపూర్, హైదరాబాద్