ఆరేళ్లకే సడలే నమ్మకం

పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం నన్ను కలవరపెట్టింది. మహా తెలివైనవాళ్లు ఎవరంటే అయిదేళ్ల ఆడపిల్లలు తమలాంటి ఆడవాళ్లనే చూపారు. ఆరేళ్లకే ఆ నమ్మకం సడలింది. ఒక్క ఏడాదిలో తెలివి తరిగిపోతుందా? తరిగింది ధైర్యం.

నష్టం మగపిల్లలకూ ఉంది. పలు దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల సగటున, లెక్కల్లో అబ్బాయిల ఆధిక్యం 9 పాయింట్లే. చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందున్నారు. పుస్తకాలు తనకు నప్పవనుకునే కుర్రవాడి గురించి మనం ఎందుకు బెంగపడం?

ఆడ, మగ అన్న రెండు వరుసల్లోనూ ఇమడలేని పిల్లలు మరీ ఒంటరివాళ్లు. బెదురుతో కూర్చున్న బిడ్డకు పాఠం ఎలా ఎక్కుతుంది?

ఆడ, మగ అంటూ పిల్లల తెలివిని కొలిచే అలవాటును మాన్పించడానికి ఉపాధ్యాయ శిక్షణలో చోటివ్వండి. ‘లెక్కలు నీకెందుకమ్మా’ అనే మాట ముందుగా మా నోటి నుంచే పోవాలి.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయురాలు