ఆ ప్రశ్న అడగమన్నది నేనే

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం మా కౌన్సెలర్ గారు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో విడివిడిగా మాట్లాడుతూ, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగారు. ఆ సాయంత్రం నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. లేనిపోని ఆలోచన పిల్లల బుర్రలో పెట్టామని చాలామందికి కోపం వచ్చింది. ఆ ప్రశ్న అడగమన్నది నేనే.

అడిగితే ఆలోచన పుట్టదు. ఎన్నో ఏళ్ల పరిశోధనలు తేల్చింది ఇదే. 15 నుంచి 29 ఏళ్ల వారి మరణాలకు కారణాల్లో ఆత్మహత్యది మూడో స్థానమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తక్కువ మార్కుల వల్లే జరిగిందని మనం సులువుగా అనేస్తాం గానీ, దాని వెనుక కుంగుబాటు, వేధింపులు, అవమానం, ఒంటరితనం ఎంతోకాలంగా పేరుకుని ఉంటాయి. నిద్ర తప్పినా, ఇష్టమైన ఆట మానేసినా, అపురూపంగా దాచుకున్న వస్తువులు పంచిపెట్టినా, "నేను లేకపోతే మీకు హాయి" అన్నా నాటకాలని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి, మందలించకుండా వినండి. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుడికి చూపించండి. చనిపోవాలన్న ఉద్ధృతి చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. అందుకే మందులు, పురుగుమందులు తాళంలో ఉండాలి. సహాయవాణి నంబరు పిల్లల డైరీ మొదటి పేజీలో అంటించాం.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. "ఎవరికీ చెప్పనని స్నేహితురాలు ఒట్టు వేయించుకుంటే?" అని అడిగితే, పదో తరగతి అమ్మాయి ఒకరు "ఒట్టు తీసి గట్టు మీద పెడతాను. తను అలిగితే తర్వాత బతిమాలుకుంటాను" అంది. ఎనిమిదో తరగతి అబ్బాయిలు ముగ్గురు, కొత్తగా చేరిన పిల్లవాడు ఒంటరిగా తింటున్నాడని, ఎవరూ చెప్పకుండానే వంతులు వేసుకుని అతని పక్కన కూర్చుంటున్నారు. వీళ్లు మా బడి పిల్లలు!

మీ ప్రేమను శంకించను. అయినా మార్కుల సమావేశంలో బిడ్డను ఎదురుగా నిలబెట్టి మరొకరి బిడ్డతో పోల్చడం దయచేసి మానండి. రాత్రి పదకొండు గంటలకు ర్యాంకు గురించి నాకు సందేశం పంపే ఓపిక ఉన్నవారు, ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు బిడ్డ దగ్గర కూర్చోగలరు.

యూనిట్ పరీక్షలు సోమవారం నుంచి. గ్రంథాలయ పుస్తకాలు ఆలోగా తిరిగివ్వాలి. గుర్తింపు కార్డు ఫొటోలు ఇంకా కొందరు పంపలేదు.

శనివారం ఉదయం పది నుంచి కౌన్సెలర్ గారూ నేనూ మీకోసం ఉంటాం. కోపంగా ఉన్నా సరే, రండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు