ముందు నీ ఫీడ్ సంగతి చూడరా

ఒరేయ్ శ్రీనూ,

నీ మెసేజ్ చదివాను. ఆకాశం గురించి అంత ఓపిగ్గా రాస్తున్నా చదివేవాళ్లు పెరగట్లేదని, సోషల్ మీడియాలో లింకు పెట్టిన రోజు నలుగురు వచ్చి మర్నాటికల్లా మళ్లీ ఖాళీ అయిపోతోందని బాధపడ్డావు. నీ రాతలు నిజంగా బాగుంటాయిరా, శని వలయాల మీద నువ్వు రాసింది ఇంట్లో వాళ్లందరికీ చదివి వినిపించాను కూడా. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలెయ్యకుండా తీరిగ్గా రాస్తున్నా. నువ్వు ప్రచారం ఎలా చెయ్యాలని అడిగావు. నేనైతే ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ వచ్చేలా చూసుకోమంటాను, ఆ పనికి ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ని మించింది నాకు కనపడలేదు. ఫీడ్ అంటే నీ సైట్లో కొత్త పోస్టుల జాబితా ఉండే ఒక ఫైలు, చదివేవాళ్లు దాని అడ్రసు రీడర్ అనే యాప్‌లో పెట్టుకుంటే కొత్త పోస్టులు వాటంతటవే వాళ్లకి చేరతాయి.

"అదెప్పుడో పోయింది కదరా" అంటావేమో. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూసేసినప్పుడు చాలామంది అలాగే అనుకున్నారు. కానీ గూగుల్ రీడర్ అనేది ఫీడ్లు చదవడానికి ఉన్న యాప్‌లలో ఒకటి, అంతే. ఫీడ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. 1999లో నెట్‌స్కేప్ వాళ్లు వేరే వేరే సైట్ల హెడ్‌లైన్లు తమ పోర్టల్లో ఒకచోట చూపించడానికి దీన్ని తయారుచేశారు, 2002లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 వచ్చింది, ఇవాళ్టికీ ఎక్కువ సైట్లు ఇచ్చేది అదే. నువ్వు వినే పాడ్‌కాస్టులు కూడా దీని మీదే నడుస్తున్నాయి, ఒక్కో ఎపిసోడూ ఫీడ్‌లో ఒక ఐటమ్, ఆడియో ఫైల్ అడ్రసు ఎన్‌క్లోజర్ అనే ట్యాగులో ఉంటుంది. ఇక చదవడానికంటావా, ఫీడ్లీ, ఐనోరీడర్, నెట్‌న్యూస్‌వైర్ లాంటివి బోలెడున్నాయి, వాటిని వాడేవాళ్లూ ఉన్నారు.

ఆ వాడేవాళ్లు ఎవరో ఆలోచించు. మిగతా జనంతో పోలిస్తే తక్కువమందే, ఒప్పుకుంటా. కానీ నాకు తెలిసిన ఫీడ్ రీడర్ల వాడకందార్లలో ఎక్కువమంది తాము కూడా ఏదో ఒకటి రాసేవాళ్లు, న్యూస్‌లెటర్లు నడిపేవాళ్లు, పదిమందికి లింకులు పంచేవాళ్లు. అలాంటివాడు ఒక్కడు నీ ఫీడ్ పెట్టుకుంటే వాడి వెనక ఇంకా కొందరు వస్తారు. పైగా మధ్యలో అల్గారిథమ్ అనేది లేదు. నువ్వు నెలరోజులు రాయకుండా ఉండి ఒకరోజు రాసినా అది వాడి రీడర్లో పడుతుంది, వాడికి చూపించాలా వద్దా అని నిర్ణయించేవాడు ఇంకొకడు లేడు. నీలాగా కుదిరినప్పుడు రాసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

సరే, అసలు విషయానికి వస్తా. నిన్న రాత్రి నీ సైట్ అడ్రసు చివర స్లాష్ పెట్టి ఫీడ్ అని కొట్టి చూశాను. నీ సైట్ని నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ దాన్ని అడక్కుండానే తయారుచేసి పెడుతుంది, నీకు తెలియకుండానే మొదటి రోజు నుంచీ అది అక్కడే ఉంది. చూస్తే ఏముందంటే, ప్రతి పోస్టుకీ మొదటి యాభై అయిదు పదాలు, ఆ తర్వాత చుక్కలు. శని వలయాల పోస్టులో ఆ చుక్కలు సరిగ్గా "టెలిస్కోపు లేకపోయినా" అన్నదాని దగ్గర వచ్చాయి. అంటే రీడర్లో చదివేవాడికి నువ్వు చెప్పబోయే మంచి ముక్క అందకముందే ఆగిపోయింది. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోటికి వెళ్లు, ఫీడ్‌లో సారాంశం ఇవ్వాలా పూర్తి పాఠం ఇవ్వాలా అని అడుగుతుంది, పూర్తి పాఠం పెట్టు.

పూర్తిగా అక్కడే ఇచ్చేస్తే సైటుకి ఎవరొస్తారని అడుగుతారు చాలామంది. ప్రకటనల మీద బతికే సైట్లకి ఆ భయం ఉండటంలో అర్థముంది. నీ సైట్లో ప్రకటనలే లేవు, నీకు కావలసింది చదివేవాళ్లు. రీడర్లో మొత్తం చదివినవాడు కూడా నీ పాఠకుడేరా! ముక్క చూపించి ఆపేస్తే కొందరు క్లిక్ చేస్తారేమో గానీ, చిన్న ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ పోయేవాడు చుక్కలు కనపడగానే కిందికి జరిపేస్తాడు, నేనూ అదే చేస్తా. నచ్చిన పోస్టుకి జవాబు రాయాలన్నా, ఫోటోలు పెద్దగా చూడాలన్నా ఎలాగూ సైటుకే వస్తారు.

నీ రాతలు ఎత్తేసి తమ సైట్లో పెట్టుకుంటారన్న టెన్షన్ ఉంటే ఒక పని చెయ్యి, ఫీడ్‌లో ప్రతి పోస్టు చివరా అసలు పోస్టుకి లింకుతో ఒక వాక్యం వచ్చేలా పెట్టు. ఆ పనికి ప్లగిన్లు, అంటే వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయి. ఎత్తేసినవాడు మనిషి కాకుండా ప్రోగ్రామ్ అయితే ఆ వాక్యాన్ని కూడా తీసుకెళ్తుంది చాలాసార్లు.

ఇంకొకటి, టైటిళ్లు. ఇది మాత్రం కాస్త గట్టిగానే చెప్తా. రీడర్లో నీ టైటిల్ వేరే సైట్ల టైటిళ్ల మధ్యలో ఒక వరసలో ఉంటుంది, పక్కన నీ లోగో, నీ రంగులు, నీ ఫోటో ఏమీ ఉండవు. "ఈ వారం ఆకాశం" అని పెడితే వాడికి ఏం తెలుస్తుంది? అదే "ఆగస్టు 12 రాత్రి పెర్సీడ్ ఉల్కల కోసం ఎటు చూడాలి" అని పెట్టు, ఎవరైనా తెరుస్తారు. మొదటి వాక్యం కూడా అంతే. కొన్ని రీడర్లు టైటిల్ కింద మొదటి లైను చూపిస్తాయి, నువ్వేమో ప్రతిసారీ "అందరికీ నమస్కారం, చాలా రోజులైంది" అంటూ మొదలుపెడతావు. ఆ లైను తీసెయ్.

ఇక ఫీడ్ ఉందని జనానికి తెలియాలి కదా. నీ పేజీ కోడ్‌లో కంటికి కనపడని హెడ్ అనే భాగంలో ఫీడ్ అడ్రసు చెప్పే లింక్ ట్యాగు ఉంది, అది చూశాను, బాగానే ఉంది, దానివల్ల ఎవరైనా నీ సైట్ అడ్రసు మాత్రమే రీడర్లో వేసినా అది ఫీడ్‌ని తనంతట తనే పట్టుకుంటుంది. కానీ మనుషుల కంటికి ఎక్కడా కనపడట్లేదు. ఒకప్పుడు బ్రౌజర్లే అడ్రసు పక్కన ఆరెంజ్ రంగు గుర్తు చూపించేవి, ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ కూడా 2018 చివర్లో ఫీడ్ సదుపాయం తీసేసింది. కాబట్టి నువ్వే చూపించాలి. పోస్టు అయిపోయిన వెంటనే, అంటే చదివినవాడు "బాగుంది" అనుకునే క్షణంలో, "కొత్త పోస్టులు తప్పకుండా అందాలంటే ఈ ఫీడ్ పెట్టుకోండి" అని ఒక లైను. ఫీడ్ అంటే తెలియనివాళ్ల కోసం చిన్న పేజీ ఒకటి రాసి, ఫలానా యాప్ వేసుకోండి, ఈ అడ్రసు అందులో పేస్ట్ చెయ్యండి అని చెప్పు. లేకపోతే వాళ్లు ఆ లింకు నొక్కుతారు, గజిబిజిగా ఎక్స్‌ఎంఎల్ అనే కోడ్ కనపడుతుంది, భయపడి మూసేస్తారు.

అది కూడా వద్దనేవాళ్లకి ఈమెయిల్ ఇవ్వు. ఫీడ్‌ని చూసుకుంటూ ఉండి కొత్త పోస్టు రాగానే దాన్ని మెయిల్‌గా మార్చి పంపే సర్వీసులు ఉన్నాయి, నువ్వు ప్రత్యేకంగా న్యూస్‌లెటర్ రాసే పని ఉండదు. అదే ఫీడ్‌ని టెలిగ్రామ్ ఛానెల్‌కీ కలపొచ్చు. ఒక్కసారి రాస్తే అన్నిచోట్లకీ అదే వెళ్తుంది, అందుకే ఫీడ్ శుభ్రంగా ఉండాలని ఇంతగా మొత్తుకుంటున్నా.

ఇంకా ఒక దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. నువ్వు రోజూ చదివే ఖగోళం సైట్ల జాబితా నీ సైట్లో పెట్టు. రీడర్లోంచి ఓపీఎంఎల్ ఫైలుగా, అంటే ఫీడ్ల అడ్రసులన్నీ ఒకేచోట ఉండే ఫైలుగా, దించుకుని అదే ఇచ్చేస్తే ఇంకా మంచిది, ఎవరైనా ఒక్క దెబ్బతో అన్నీ తమ రీడర్లోకి ఎక్కించుకోవచ్చు. ఆ సైట్లవాళ్లకి ఒక మాట రాయి కూడా, అడగడానికి కాదు, చెప్పడానికి. అందరూ తిరిగి నిన్ను కలుపుతారని అనను, కలిపినవాళ్ల ద్వారా వచ్చేవాళ్లు మాత్రం సరిగ్గా నీకు కావలసినవాళ్లే. ఒకే విషయం మీద రాసేవాళ్ల ఫీడ్లన్నీ ఒక పేజీలోకి చేర్చే సైట్లు కూడా ఉంటాయి, డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల బ్లాగులు చేర్చే ప్లానెట్ డెబియన్ అలాంటిదే, నీ విషయానికి అలాంటిది దొరికితే వెంటనే చేరిపో. అంతేగానీ "మీ ఫీడ్‌ని వందల డైరెక్టరీల్లో వేస్తాం, డబ్బు కట్టండి" అనేవాళ్ల జోలికి పోకు. ఎప్పుడో పాత రోజుల్లో చెప్పిన సలహా అది, ఇప్పుడు ఆ డైరెక్టరీల్లో చదివేవాళ్లు ఎవరూ లేరు.

ఎంతమంది పెట్టుకున్నారో తెలుసుకోవాలంటే సర్వర్ లాగ్, అంటే నీ సైటుకి ఎవరెవరు వచ్చి ఏం అడిగారో రాసుకునే ఫైలు, తెరిచి చూడు. ఫీడ్లీ లాంటి వెబ్ రీడర్లు నీ ఫీడ్ అడగడానికి వచ్చినప్పుడు తమ పేరుతో పాటు, తమ దగ్గర నీకు ఎంతమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారో కూడా ఆ లైన్లోనే చెప్తాయి. ఫోన్లోనో కంప్యూటర్లోనో నేరుగా నడిచే రీడర్లు ఆ లెక్కలోకి రావు, కాబట్టి అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది. లాగ్ చూసేటప్పుడే ఇంకొకటి గమనించు, ఫీడ్ కోసం వచ్చినవాటికి 403 అని, అంటే అనుమతి లేదని, జవాబు వెళ్తోందా? బాట్లని ఆపడానికి పెట్టే రక్షణలు చాలాసార్లు ఫీడ్ రీడర్లని కూడా బయటే ఆపేస్తాయి. నీ హోస్టింగ్‌లో అలాంటిది ఉంటే ఫీడ్ అడ్రసుకి మినహాయింపు ఇవ్వు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థవాళ్ల ఫీడ్ వాలిడేటర్లో కూడా ఒకసారి వేసి చూడు, తప్పులుంటే ఏ లైన్లో ఉన్నాయో చూపిస్తుంది.

చివరిది, తొందరపడకుండా చెయ్యాల్సినది. డొమైన్ మారుస్తానన్నావు. ఫీడ్ పెట్టుకున్నవాడి రీడర్ పాత అడ్రసుకే వెళ్లి అడుగుతూ ఉంటుంది, అక్కడ ఏమీ లేకపోతే కొన్నాళ్లకి ఊరుకుంటుంది, పాపం వాడికేమో నువ్వు రాయడం మానేశావనిపిస్తుంది. పాత ఫీడ్ అడ్రసుకి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ పెట్టి, పాత డొమైన్‌ని కనీసం ఒక ఏడాదైనా వదలకుండా ఉంచు. పోస్టుల జియుఐడి అని ఒకటుంటుంది, రీడర్ ఏ పోస్టు పాతదో ఏది కొత్తదో దాన్ని చూసే గుర్తుపడుతుంది. సైట్ మార్చేటప్పుడు అది మారిపోతే ఫీడ్‌లో ఉన్న పాత పోస్టులన్నీ కొత్తవాటిలా మళ్లీ అందరి మీదా పడతాయి. డేటాబేస్‌లో పాత డొమైన్ పేరు వెతికి కొత్తది పెట్టేటప్పుడు జియుఐడి కాలమ్‌ని మాత్రం ముట్టుకోకు.

ఆ పని మొదలుపెట్టేముందు నాకొక ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని పెడదాం. ఈలోపు సారాంశం సెట్టింగు మాత్రం ఇవాళే మార్చెయ్, నీ ఫీడ్ నా రీడర్లో పెట్టేసుకున్నా, మారిందో లేదో నాకు తెలిసిపోతుంది.

ఉంటాను మరి,
నీ
మురళి