గ్లాసీయా, మ్యాటా అని అడిగే ముందు మీ కిటికీ ఎటుందో చెప్పండి

మన కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి విశాఖ డాబాగార్డెన్స్‌లోని మన షాపులో ఇంటికి, ఆఫీసుకి వాడే మామూలు లాప్‌టాప్‌లు, మానిటర్లు మ్యాట్ స్క్రీన్ (అద్దంలా మెరవనిది) ఉన్నవే స్టాకు పెడుతున్నాం. గ్లాసీ స్క్రీన్‌తో (అద్దంలా నున్నగా మెరిసేది) వచ్చే ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం), టచ్ మోడళ్లు డెమోకి ఒక్కో పీస్ ఉంటాయి, నచ్చితే ఆర్డరు మీద తెప్పిస్తాం. లాప్‌టాప్ స్క్రీన్ మీద అంటించే మ్యాట్ ఫిల్ములు అమ్మడం ఆపేశాం. డెమో టేబుల్‌ని లోపలి గోడ దగ్గర నుంచి తీసి వీధి వైపు అద్దాల తలుపు పక్కన వేశాం. దీని గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి కారణాలు వివరంగా రాస్తున్నాను.

షాపు లోపల ఏ స్క్రీన్ గొప్పగా కనిపిస్తుందో మాకు బాగా తెలుసు. ఏసీ గది, పైన తెల్లటి లైట్లు, ఎదురుగా గోడ. అక్కడ గ్లాసీ స్క్రీన్‌లో సముద్రం వీడియో పెడితే రంగులు నిగనిగలాడతాయి, పక్కనున్న మ్యాట్ స్క్రీన్ వెలవెలబోతుంది. చూసినవాళ్లు పది మందిలో ఎక్కువమంది గ్లాసీ వైపే మొగ్గుతారు. అదే మెషిన్ ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌కి వెళ్లి, వెనక బాల్కనీ తలుపు తెరిచి ఉన్న టేబుల్ మీద కూర్చుంటే కథ మారిపోతుంది. ఫోన్ వస్తుంది: "ఏంటండీ, ఎక్సెల్ షీట్ తెరిస్తే నా మొహమే కనిపిస్తోంది."

ఇది స్క్రీన్‌లో లోపం కాదు. గాజు స్వభావం. నున్నటి గాజు మీద పడిన వెలుతురులో దాదాపు 4 శాతం వెనక్కి తిరిగి వస్తుంది. 4 శాతమే కదా అనిపిస్తుంది, కానీ లెక్క వేసి చూడండి. బడ్జెట్ లాప్‌టాప్ స్క్రీన్ వెలుగు సాధారణంగా 250 నిట్లు (నిట్ అంటే స్క్రీన్ వెలుగుని కొలిచే యూనిట్). పగటిపూట కిటికీలోంచి కనిపించే ఆకాశం 5,000 నిట్లు సులువుగా ఉంటుంది. అందులో 4 శాతం అంటే 200 నిట్లు. అంటే మీ స్క్రీన్ తన శక్తంతా పెట్టి చూపించే తెలుపుకి ఇంచుమించు సమానమైన వెలుతురు, కిటికీ ఆకారంలో, దాని మీద వచ్చి కూర్చుంటుంది. ఆ మేరకు నలుపు అనేదే మిగలదు. స్క్రీన్ వెలుగు 500 నిట్లున్న ఖరీదైన మోడల్ అయితే కాస్త తట్టుకుంటుంది. 250 ఉన్నది తట్టుకోలేదు. అందుకే తక్కువ ధరలో గ్లాసీ తీసుకుంటామని ఎవరైనా అంటే నేను గట్టిగానే వద్దంటాను.

మన ఊరికి ఇది ఎక్కువగా వర్తిస్తుంది. తూర్పున సముద్రం, పొద్దున్న సూర్యుడు, దాంతోపాటు నీళ్ల మీద తళుకు. పాండురంగాపురం, లాసన్స్ బే, ఎంవీపీ వైపు ఫ్లాట్లు కొనేదే సముద్రం కనిపించాలని. పెద్ద పెద్ద బాల్కనీ తలుపులు పెట్టించుకుంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక ఆ హాల్లోనే ఓ మూల గోడకి ఆనించి టేబుల్ వేశారు, బాల్కనీ వీపు వెనక పడింది. రుషికొండ కొండ మీద ఆఫీసులు చూడండి, చుట్టూ అద్దాలే. అదే ఉక్కునగరం క్వార్టర్స్‌లో అయితే చుట్టూ చెట్ల నీడ, అక్కడి కస్టమర్ల నుంచి ఈ కంప్లైంట్ వినడం చాలా తక్కువ. పాతనగరంలో ఇరుకు వీధుల్లో, చిన్న కిటికీల ఇళ్లలోనూ అంతే. షిఫ్టు డ్యూటీ చేసి రాత్రిపూట లైటు తగ్గించి సినిమాలు చూసుకునేవాళ్లకి గ్లాసీ ఓఎల్‌ఈడీ ఇచ్చినంత ఆనందం ఏ మ్యాట్ స్క్రీనూ ఇవ్వదు. కాబట్టి ఏది మంచిదని అడిగితే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. మీరు ఎక్కడ కూర్చుంటారు, ఏ వేళకి కూర్చుంటారు అన్నది తెలిస్తేనే చెప్పగలను.

మ్యాట్ గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మ్యాట్ స్క్రీన్ వెలుతురుని మింగేయదు, చెదరగొడుతుంది. దాని పైపొరలో కంటికి కనిపించనంత సన్నటి గరుకు ఉంటుంది. కిటికీ ఆకారం చెరిగిపోయి వెలుతురు స్క్రీన్ అంతా పలచగా పరుచుకుంటుంది. మొహం కనిపించడం పోతుంది, బదులుగా నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. ఆ గరుకే లోపల నుంచి వచ్చే కాంతిని కూడా కొద్దిగా చెదరగొడుతుంది కాబట్టి అక్షరాల అంచులు ఒక్క పిసరు మెత్తబడతాయి. తెల్లటి పేజీ మీద సన్నటి ఇసుక మెరిసినట్టు కొందరికి కనిపిస్తుంది. ఆటోక్యాడ్‌లో సన్నగీతలు గీసే ఇంజినీర్లు, తెలుగు డీటీపీ చేసేవాళ్లు దీన్ని ముందు పట్టేస్తారు. మిగతావాళ్లు గమనించరు కూడా. మీరు గమనించే మనిషో కాదో డెమో టేబుల్ దగ్గర ఖాళీ వర్డ్ పేజీ తెరిచి రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

మ్యాట్ మీద పడే ఒక నింద మాత్రం దానిది కాదు. "మ్యాట్ అంటే రంగులు చచ్చిపోతాయి" అంటారు. తక్కువ ధర లాప్‌టాప్‌లలో వేసే ప్యానెల్ (స్క్రీన్ పలక) స్పెసిఫికేషన్ చూడండి, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. ఇంటర్నెట్‌లో మనం చూసే ఫోటోలు, వీడియోలకి కావలసిన ఎస్‌ఆర్‌జీబీ రంగులు పూర్తిగా రావాలంటే ఆ కొలతలో సుమారు 72 శాతం కావాలి. అంటే ఎర్రటి చీర ఇటుక రంగులో కనిపించడానికి కారణం ఆ చవక ప్యానెల్. అది మ్యాట్ కావడం కాకతాళీయం. అలాంటి మెషిన్‌ని లక్ష రూపాయల గ్లాసీ ఓఎల్‌ఈడీ పక్కన పెట్టి పోల్చి మ్యాట్ బాగోదని తీర్పు చెప్పడం అన్యాయం. వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న మ్యాట్ ప్యానెల్ ఇప్పుడు డెమో టేబుల్ మీద పెట్టాం, చూసి చెప్పండి. ఇకపై ఎవరికి కొటేషన్ ఇచ్చినా ర్యామ్, ఎస్‌ఎస్‌డీతో పాటు నిట్లు ఎంత, రంగుల శాతం ఎంత అనేది కూడా రాసి ఇస్తాం. కంపెనీ చెప్పకపోతే, చెప్పలేదని రాస్తాం.

ఈ వాదన మన ఊళ్లో పుట్టింది కాదు. 2008 అక్టోబరులో యాపిల్ కొత్త అల్యూమినియం మ్యాక్‌బుక్‌లు తెచ్చినప్పుడు గ్లాసీ తప్ప వేరే దారి లేకుండా చేసింది. ఫోటోగ్రాఫర్లు, డిజైనర్లు గోల పెట్టారు. 2009 జనవరిలో 17 అంగుళాల మోడల్‌కి 50 డాలర్లు అదనంగా కడితే మ్యాట్ ఇస్తామన్నారు. తర్వాత రెటీనా అనే సన్నటి పిక్సెళ్ల స్క్రీన్లు వచ్చాక ఆ దారీ మూసేశారు. 2019లో ప్రో డిస్‌ప్లే ఎక్స్‌డీఆర్ అనే మానిటర్‌కి గాజు మీదనే అతి సన్నటి గరుకు చెక్కి, నానో టెక్స్చర్ అని పేరు పెట్టి, దానికి వెయ్యి డాలర్లు అదనంగా తీసుకున్నారు. 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ప్రోకి అదే 150 డాలర్లకి ఇచ్చారు. అంత పెద్ద కంపెనీయే ఇన్నేళ్లు అటూ ఇటూ తిరిగిందంటే, రెండు రకాల వాడకందార్లూ నిజంగానే ఉన్నారని అర్థం. శామ్‌సంగ్ 2024లో ఎస్95డీ అనే ఓఎల్‌ఈడీ టీవీని మ్యాట్‌గా తెచ్చినప్పుడు కూడా సగంమంది మెచ్చుకుంటే సగంమంది నలుపు పాడైందని తిట్టారు.

గ్లాసీలో కూడా అన్నీ ఒకటి కావు. కళ్లజోడు షాపులో యాంటీ రిఫ్లెక్షన్ అద్దాలు చూసి ఉంటారు, పక్కకి తిప్పితే లేత ఆకుపచ్చగా మెరుస్తాయి. అదే పూత మంచి స్క్రీన్ల మీదా వేస్తారు. కాంతి తరంగం పొడవులో నాలుగో వంతు మందంతో ఒక పొర వేస్తే, పొర పైనుంచి తిరిగొచ్చే కాంతి, కిందనుంచి తిరిగొచ్చే కాంతి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. జర్మనీలో జైస్ కంపెనీ 1935లో లెన్సుల మీద ఇలాంటి పూత వేసింది. 1938లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన కేథరిన్ బ్లాడ్జెట్ అనే ఆవిడ సన్నటి పొరలతో మెరుపు లేని గాజు తయారుచేశారు. ఈ పూత ఉంటే గరుకు లేకుండానే మెరుపు తగ్గుతుంది, అక్షరం పదును పోదు. నన్నడిగితే అన్నిటికన్నా మంచి దారి ఇదే. కానీ ఖర్చు, అందుకే ఖరీదైన మోడళ్లకే పరిమితం.

ఏ స్క్రీన్ ఏ రకమో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. స్క్రీన్ ఆపేసి, ఫోన్ టార్చ్ వేసి, మూరెడు దూరం నుంచి దాని మీదకి కొట్టండి. టార్చ్ చుక్క సూదిమొనలా, తెల్లగా, కళ్లు చెదిరేలా తిరిగొస్తే అది పూత లేని గ్లాసీ. చుక్క అలాగే పదునుగా ఉండి, కాంతి తగ్గి, ఊదా రంగో ఆకుపచ్చో తేలితే పూత ఉన్న గ్లాసీ. చుక్క కరిగిపోయి మసక మచ్చలా పరుచుకుంటే మ్యాట్. మచ్చ ఎంత పెద్దగా పరుచుకుంటే గరుకు అంత ఎక్కువ, అక్షరం అంత మెత్తన. ఏ షాపులో కొన్నా ఇది చేసి చూడండి. వద్దని అంటే అక్కడ కొనకండి.

ఇక ఫిల్ముల సంగతి. నిజం చెప్పాలంటే షాపులో అమ్మే వాటిలో మార్జిన్ ఎక్కువ ఉండేది ఇలాంటి వాటి మీదే. అయినా ఆపేశాం. స్క్రీన్‌తో పాటు తయారైన మ్యాట్ పొర పిక్సెళ్లకి దగ్గరగా ఉంటుంది. పైన అంటించిన ఫిల్ము గరుకు వాటికి దూరంగా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ అక్షరం మసకబారుతుంది. దానికి తోడు లోపల ఇరుక్కున్న ఒక్క దుమ్ము రేణువు చుట్టూ లేచే బుడగ. పైగా ఇప్పటి సన్నటి లాప్‌టాప్‌లు మూసినప్పుడు స్క్రీన్‌కి, కీబోర్డుకి మధ్య ఖాళీ దాదాపు ఉండదు. అక్కడ అదనపు మందం పెట్టడం మంచిది కాదు. ఫోన్లకి వేసే ఫిల్ములు మామూలుగానే దొరుకుతాయి.

ఇప్పటికే గ్లాసీ ఉన్నవాళ్లు కంగారుపడి మార్చేయనక్కర్లేదు. టేబుల్ తిప్పండి. కిటికీ మీ వెనకా ఉండకూడదు, ఎదురుగానూ ఉండకూడదు. కుడికో ఎడమకో ఉండాలి. వెనక తెల్ల గోడ మీద ట్యూబ్‌లైట్ ఉంటే దాన్ని పక్క గోడకి మార్పించండి. యాప్‌లలో డార్క్ మోడ్ తీసేసి తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టండి, నల్లటి పేజీ మీదే ప్రతిబింబం బాగా తేలుతుంది. తెల్ల చొక్కా మానేసి ముదురు రంగుది వేసుకున్నా తేడా తెలుస్తుంది. ఎంవీపీలో ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పే ఒక మేడమ్ కొత్త మానిటర్ కోసం వస్తే టేబుల్ తిప్పి చూడమన్నాం. మానిటర్ కొనకుండానే ఆవిడ పని అయిపోయింది. గ్లాసీ వల్ల కళ్లు పాడైపోతాయా అని కూడా అడుగుతున్నారు. పాడవవు, కానీ మెరుపు తప్పించుకోవడానికి మెడ వంచి, కళ్లు చికిలించి గంటలు కూర్చుంటే తలనొప్పి మాత్రం వస్తుంది.

తుడవడం విషయంలో ఒక మాట. అద్దాలు తుడిచినట్టు న్యూస్‌పేపర్‌తో తుడవొద్దు, కోలిన్ నేరుగా స్క్రీన్ మీద కొట్టొద్దు. మ్యాట్‌కి ఇది మరీ ముఖ్యం. వేలి జిడ్డు ఆ సన్నటి గరుకులో నిండితే అక్కడ నున్నటి మెరుపు మచ్చ పడుతుంది, గట్టిగా రుద్దితే గరుకే అరిగిపోయి ఆ మచ్చ శాశ్వతమవుతుంది. బీచ్ దగ్గర ఇళ్లలో అయితే ఉప్పు, సన్నటి ఇసుక కూడా పేరుకుంటాయి. మెషిన్ ఆపి, మెత్తటి బ్రష్‌తో ముందు దుమ్ము దులిపి, ఆ తర్వాత కొంచెం తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా తుడవండి.

చివరిగా వ్యాపారం మాట. సీలు తీసి విండోస్ యాక్టివేట్ చేశాక రిఫ్లెక్షన్ వస్తోందని తిరిగి తెస్తే కంపెనీ తీసుకోదు, డిస్ట్రిబ్యూటరూ తీసుకోడు. మేమూ తీసుకోలేం, చిన్న షాపు. అందుకే కొనకముందే చూసుకోమంటున్నాం. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు వస్తే తలుపు దగ్గర వెలుతురు బాగా ఉంటుంది, అప్పుడే తేడా తెలుస్తుంది. సాయంత్రం లైట్లలో చూసి నిర్ణయించుకోకండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఒక ఫోటో తీసుకురండి: కొత్త స్క్రీన్ ఎక్కడ పెడదామనుకుంటున్నారో అక్కడ, అదే ఎత్తులో ఫోన్ పట్టుకుని, మీరు కూర్చునే కుర్చీ వైపు తిప్పి, మీరు పనిచేసే వేళకి తీయాలి. ఆ ఫోటోలో ఏది కనిపిస్తే గ్లాసీ స్క్రీన్‌లో రోజూ మీకు అదే కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపినా సరే, చూసి ఏది తీసుకోవాలో చెబుతాం, కొనాలన్న బలవంతం ఏమీ లేదు.