అమ్మొనైట్ శిలాజాల విభాగం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కాల్గరీలోని మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఈసారి మన విభాగం మెరుగుపెట్టిన అమ్మొనైట్లను, అంటే ఎప్పుడో అంతరించిపోయిన, చుట్టలు తిరిగిన గుల్లలున్న సముద్ర జీవుల శిలాజాలను, ప్రదర్శించింది. పిల్లలూ పెద్దలూ ఎక్కువసేపు నిలబడింది అమ్మొలైట్ బల్ల దగ్గరే. అమ్మొలైట్ అంటే అమ్మొనైట్ గుల్ల నుంచి వచ్చే రంగురంగుల రత్నం. ఇది మనముంటున్న కెనడాలోని ఆల్బర్టా నేలలోదే. దక్షిణాన బేర్‌పా అనే రాతి పొరల్లో సుమారు 7 కోట్ల ఏళ్ల నాటి ప్లాసెంటిసెరాస్ అనే అమ్మొనైట్ల గుల్లలు దొరుకుతాయి. ఆ ఎరుపు, ఆకుపచ్చలు ఎవరో పూసినవా అని చాలామంది అడిగారు. కాదు. గుల్లలోని అరగొనైట్ అనే ఖనిజపు సన్నని పొరల నుంచి తిరిగొచ్చే వెలుగు కిరణాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల వచ్చే రంగులవి. 2004లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆల్బర్టా అధికారిక రత్నంగా ప్రకటించింది.

మడగాస్కర్ నుంచి వచ్చిన, రెండుగా కోసి సానపట్టిన జతలు పక్క బల్ల మీద పెట్టాం. లోపలి గదుల్లో కాల్సైట్ అనే ఖనిజపు స్ఫటికాలు మెరుస్తుంటాయి. జీవి ఉండేది చివరి గదిలోనే. మిగతావి నీటిలో తేలడానికి. అంగట్లో దొరికే వాటిలో పగుళ్లు రెసిన్‌తో పూడ్చినవి ఉంటాయి. పూడ్చడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. అందుకే ఇకపై ప్రతి శిలాజం పక్కనా అది ఎక్కడిది, దానికి ఏమేం చేశారు అన్న చీటీ తప్పనిసరి. చీటీ లేనిది ఎంత అందంగా ఉన్నా బల్ల ఎక్కదు.

ఇంట్లో పూజలందుకునే సాలగ్రామాలను ప్రదర్శనకు తీసుకోలేదు. నేపాల్‌లోని కాలీ గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్లలోని చక్రాలు అమ్మొనైట్లవే. ఆ సంగతి ఫొటోతో వివరించాం, అంతే. దేవుడి గదిలో ఉన్నది దేవుడి గదిలోనే ఉండాలని కమిటీ అభిప్రాయం.

ఏటిగట్ల వెంట వెతికే సభ్యులకు ఒక ముఖ్య విషయం. ఆల్బర్టా చట్టం ప్రకారం ఇక్కడి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. స్థల యజమాని అనుమతితో నేల మీద కనిపించినది తీసుకుంటే మీరు సంరక్షకులు మాత్రమే. యాజమాన్యం మీదని ప్రభుత్వం నుంచి ధ్రువపత్రం రాకముందు దాన్ని కోయకూడదు, సానపట్టకూడదు, అమ్మకూడదు, రాష్ట్రం దాటించకూడదు.

ఓక్ చెక్క బీరువాలో పెట్టకండి. అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు గుల్లను తినేస్తాయి. వెనిగర్‌తో అసలే తుడవకండి, మెత్తని పొడిగుడ్డ చాలు.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఉగాది ప్రదర్శనకు తమ సేకరణ ఇవ్వదలచినవారు సంక్రాంతిలోగా, చీటీలతో సహా, కమిటీకి తెలియజేయగలరు.