బోహర్నబ్రీనా బెంచీ మీది పెద్దాయనకి, ఇంకా అందరికీ

నిన్న రాత్రి డబ్లిన్‌లో దిగాను. పెట్టెలు విప్పలేదు, నిద్ర పట్టట్లేదు, ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

ఆగస్టులో అమ్మ పోయింది. పెద్దకొడుకుని నేను, తలకొరివి పెట్టింది తమ్ముడు. నేను ఇక్కడ డబ్లిన్ శివారు టాలాలో వంటగదిలో నిలబడి ఫోన్లో చూశాను, మధ్యలో సిగ్నల్ కూడా పోయింది. డబ్బుల్లేక కాదు. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌కి పెట్టి మూడు నెలలైనా రాలేదు, అది లేకుండా వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో తేల్చి చెప్పే మనిషి దొరకలేదు. కార్డూ కార్డూ ఎందుకు రాలేదంటే ఫైలు కదల్లేదు, ఫైలూ ఫైలూ ఎందుకు కదల్లేదంటే ఎవరూ చూడలేదు... అచ్చం ఏడు చేపల కథే. కాకపోతే ఆ కథలో చివరికి చీమైనా దొరుకుతుంది, ఇక్కడ ఆటోమేటిక్ మెయిల్ తప్ప ఏమీ దొరకదు. సరే, ఆ గోల ఇంకోసారి.

అక్కడ పెద్దకర్మ జరుగుతుంటే ఇంట్లో ఉండలేక పొద్దున్నే బోహర్నబ్రీనా రిజర్వాయర్ల వైపు నడుచుకుంటూ వెళ్లిపోయా. బెంచీ మీద ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, పక్కన చేతికర్ర, ఫ్లాస్కు. బాగున్నావా అంటే బాగున్నా అనాలి కదా, నా నోట్లోంచి మా అమ్మ పోయింది అని వచ్చేసింది. ఆయన కర్ర పట్టుకుని కష్టంగా లేచి నిలబడి, నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని 'సారీ ఫర్ యువర్ ట్రబుల్' అన్నారు. ఇక్కడ చావింటికి వెళ్లినవాళ్లు అనే మాట అది. అప్పటిదాకా నన్ను పలకరించినవాళ్లంతా ఫోన్లోనే. చెయ్యి పట్టుకున్న మొదటి బయటి మనిషి ఆయన.

టీ పోసిచ్చి, ఎదురుగా ఉన్న లోయ చూపించి, 'ఇది గ్లెనస్మోల్, ఓషీన్ పడింది ఇక్కడే' అన్నారు. మా పాప స్కూల్లో నేర్చుకొచ్చిన కథే, నేనే ఎప్పుడూ సరిగ్గా వినలేదు. ఫియన్నా అనే పాతకాలపు ఐరిష్ యోధుల దండులో వీరుడు ఓషీన్‌ని నీవ్ అనే ఆవిడ తెల్లగుర్రం మీద సముద్రం దాటించి, ముసలితనం లేని తీర్ నా నోగ్‌కి తీసుకెళ్తుంది. మూడేళ్లయిందనుకుని, మనవాళ్లని ఒక్కసారి చూసొస్తానంటే, గుర్రం దిగొద్దని చెప్పి పంపిస్తుంది. వచ్చి చూస్తే మూడొందల ఏళ్లయిపోయాయి, తన వాళ్లెవరూ లేరు. రెండేళ్లుండి వెళ్లిపోదామని వచ్చి తొమ్మిదేళ్లయిన నాకు అక్కడే గొంతు పట్టేసింది.

'మాట వినలేదు, చెడ్డాడు అంటారు అందరూ. మా నాయనమ్మ అలా చెప్పేది కాదు' అన్నారాయన. బండరాయి ఎత్తలేక అవస్థపడుతున్న మనుషులకి ఒక చెయ్యి వేద్దామని గుర్రం మీంచే వంగాడట, జీను పట్టీ తెగి కింద పడ్డాడట, నేల తగలగానే మూడొందల ఏళ్ల ముసలితనం ఒక్కసారి మీదపడిందట. 'పట్టీ తెగితే ఎవరు మాత్రం ఏం చేస్తారు నాయనా' అన్నట్టుగా ఏదో అన్నారు, నేను అప్పటికే ఏడుస్తున్నా. పదకొండు రోజుల ఏడుపంతా అక్కడే ఏడ్చాను, ఆయన కదలకుండా కూర్చున్నారు.

వాళ్ల ఊళ్లో అమెరికా వెళ్లేవాళ్ల కోసం ముందురోజు రాత్రి శవజాగారం చేసేవాళ్లట, మళ్లీ చూస్తామో లేదో అని. తర్వాత 'మీ అమ్మ ఏం కథ చెప్పేది?' అని అడిగారు. నా వచ్చీరాని ఇంగ్లీషులో ఏడు చేపల కథ చెప్పా, ఊ కొట్టాలని కూడా చెప్పా. చక్కగా కొట్టారు. చీమ దగ్గర గట్టిగా నవ్వారు. వాళ్లు కథ ముగించేటప్పుడు 'ఇదీ నా కథ, ఇందులో అబద్ధముంటే ఉండనీ' అంటారట. మనం కంచికి పంపిస్తామని చెప్పా.

1937–39 మధ్య ఐర్లండులో బడిపిల్లల్ని ఇంటి పెద్దలని అడిగి కథలు రాసుకురమ్మన్నారని, వాళ్ల మేనత్త కూడా రాసిందని చెప్పారు. దాదాపు 5,000 బళ్ల నుంచి వచ్చిన 7,40,000 పేజీలు, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఆ రాత్రి రెండింటిదాకా చదివా. అందుకే కార్డు వచ్చి ఊరెళ్లగానే పిన్నిని కూర్చోబెట్టి అమ్మ చెప్పే కథలన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నా. చీమ దగ్గర పిన్ని కూడా అమ్మలాగే గొంతు మారుస్తుంది.

పెద్దాయనా, మీకు తెలుగు రాదు, ఇది చదవరు. అయినా థాంక్యూ. ఏడాది తిరగలేదని ఇంట్లో పిండివంటలు చేయలేదు, మీకు పూతరేకులు కొని తెచ్చా, ఆదివారం బెంచీ దగ్గరికి వస్తా.

తమ్ముడు, మరదలు, మా ఆవిడ... వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, పై ఫ్లాట్ మలయాళీ నర్సు గారు, నాలుగు రోజులు మాకు అన్నం పంపారు. నా డ్యూటీలు చేసిన పోలండ్ అబ్బాయి. ఇంకా, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు నా దగ్గర చిల్లర లేకపోతే ఫర్వాలేదు ఎక్కు అన్న బస్సు డ్రైవరు, ఆయన్నైతే మర్చిపోయేవాణ్ణే.