ఛార్జర్ పీకి చూడు

వెస్ట్ మాంబళం, చెన్నై
ఆదివారం

చిరంజీవి హారికకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు ఈ వారం కాస్త నయం. దీన్ని రేపు స్పీడ్ పోస్టులో వేస్తాను. ఫోన్‌లో చెప్పే మాటలే, కానీ చేసినప్పుడల్లా "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటున్నావు. ఏం మీటింగులు అని నేను అడగడం లేదు.

19 రోజుల కింద ఒక ఫొటో పెట్టి, "డబ్బింగ్ వాయిస్ రికార్డు చేసుకోవాలి, ల్యాప్‌టాప్‌కి ఈ సౌండ్ కార్డ్ పనికొస్తుందా" అన్నావు. తర్వాత నేను మూడు మెసేజీలు పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సరేలే అని ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్ వెళ్లి ఆ వస్తువు చేత్తో పట్టుకుని చూసొచ్చాను. బొటనవేలంత ఉంది. అట్ట మీద 7.1 అని పెద్దక్షరాలు, అంటే చుట్టూ ఎనిమిది స్పీకర్ల లెక్క. నీకున్నవి రెండు చెవులే. ఆఫీసు కాల్స్‌కైతే అది చాలు. ఆఫీసు కాల్స్ ఉంటే.

గొంతు రికార్డింగ్‌కి అది వద్దు. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ లోపల ప్రాసెసర్, ఫ్యాను, వైఫై అన్నీ ఇరుకింట్లో ఉమ్మడి కాపురం, వాటి గోలంతా దాన్లో కలుస్తుంది. బయటి కార్డు తీసుకునేదే అందుకు. కానీ స్టూడియో మైకు పెట్టే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, కొన్ని మైకులకి కరెంటిచ్చే 48 వోల్టుల స్విచ్చు, నీ గొంతు ఆలస్యం లేకుండా నీకే వినిపించే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉన్నది చూసుకో. స్కార్లెట్ సోలో అనే కార్డు లాంటిది. ఒక్క గొంతుకి ఒక్క మైకు సాకెట్ చాలు. షాపువాడు 192 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందో ఆ లెక్క) అని ఊదరగొడతాడు, నువ్వు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టుకో. రికార్డయ్యేది అందులో సగం, 24 దాకా. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, నా చెవికి అందులో సగం.

నీ గది రోడ్డు వైపు కదా. దూరపు శబ్దాన్నీ పట్టేసే కండెన్సర్ మైకు కొంటే కింద ఆటో హారన్ కూడా నీతో కలిసి డబ్బింగ్ చెబుతుంది. దగ్గరి గొంతునే బాగా పట్టే డైనమిక్ మైకు తీసుకో. దానికి 48 వోల్టులు అక్కర్లేదు, కార్డు మీద మైకు శబ్దాన్ని పెంచే గెయిన్ మాత్రం ఎక్కువ పెట్టాలి. విండోస్ అయితే శబ్దం ఆలస్యం కాకుండా కార్డు కంపెనీవాళ్ల ఏసియో డ్రైవరే వేసుకో. గట్టిగా అరిచినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఎరుపులోకి వెళ్లిందా, ఆ టేకు పోయినట్టే. లెక్చర్ ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను.

మొన్న వాసు మామయ్య ఫోన్ చేశాడు. మంగళవారం పొద్దున 11 గంటలకి మీ బెంగళూరు సంపిగె రోడ్డులో నిన్ను చూశాడట. వర్క్ ఫ్రం హోమ్ అయి ఉంటుందిలే అన్నాను. అమ్మకి చెప్పలేదు.

ఇంకోటి, గుంయ్‌మనే శబ్దం. 1988లో కోడంబాకం రికార్డింగ్ థియేటర్లో నేను కొత్త అసిస్టెంటుని. ఓ పొద్దున వీణ రికార్డింగ్. వీణ వాయించే ఆవిడ తన చిన్న ఆంప్లిఫయర్ తెచ్చుకున్నారు. వీణకి అంటించిన కాంటాక్ట్ మైకు దాన్లోకి, దాన్లోంచి మా మిక్సర్‌లోకి. మిక్సర్ మీద శబ్దం పెంచే ఫేడర్ ఎత్తగానే వీణ వెనకాల తుమ్మెద. మైకు మార్చాం, కేబుళ్లు మార్చాం, ట్యూబ్‌లైట్లు ఆర్పాం, ఏసీ ఆపాం. తొమ్మిదింటి పని పదకొండైంది. వయొలిన్‌వాళ్లు రెండోసారి ఇడ్లీలు తినొచ్చారు. ఆవిడ మాత్రం తీగల మీద చెయ్యి ఆన్చి అలాగే కూర్చున్నారు. ముక్కు చివర చెమట బొట్టు వేలాడుతోంది, తుడుచుకోవడం లేదు. ఆ ఆంప్లిఫయర్ ప్లగ్గు వరండా సాకెట్లో పెట్టింది నేనే. లోపలి సాకెట్లో నా టేబుల్ ఫ్యాన్ ఉంది మరి. రెండు సాకెట్ల ఎర్తులూ వేరు, వాటి మధ్య తేడా కేబుల్‌లో పడి తిరిగితే మెయిన్స్ కరెంటు 50 సైకిళ్లు గుంయ్‌మని వినపడతాయి. ఈ లెక్క తర్వాత నేర్చుకున్నాను కానీ ప్లగ్గు మీద అనుమానం మొదటి పది నిమిషాల్లోనే వచ్చింది. నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని భయం. చివరికి మా థియేటర్ పెద్దాయన పక్కకి వెళ్లి "నేనే పెట్టానండీ" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి "ఫ్యాన్ తీసెయ్" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. మధ్యాహ్నం భోజనానికి తన పక్కనే కూర్చోమన్నారు.

కాబట్టి గుంయ్‌మంటే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద రికార్డు చేసి చూడు. ఆగిందంటే తప్పు కార్డుది కాదు. ఎర్తు పిన్ను విరిచేస్తే ఆగుతుందని ఎవడో ఒకడు చెబుతాడు, ఆ పని చచ్చినా చెయ్యకు. కార్డుని యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్ యూఎస్‌బీలో పెట్టు.

డబ్బు నేను వేస్తాను. జీతం రాగానే ఇస్తా అని మొదలుపెట్టకు. అద్దెకి కూడా కావాలంటే కలిపి వేస్తాను, ఊరికే అంటున్నాను.

వచ్చే సోమవారం శీను బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. గోంగూర పచ్చడి, నా పాత హెడ్‌ఫోన్లు వాడి చేతికిస్తున్నా. కుడివైపు వైరుకి నేనే టంకం పెట్టాను, మెలిపెట్టకు. వాడు మధ్యాహ్నం రెండింటికల్లా దిగుతాడు. ఆ వేళకి నువ్వు ఆఫీసులో ఉంటావో, గదిలో ఉంటావో నాకో మెసేజ్ పెట్టు, వాడికి చెబుతాను. గదిలోనే ఉంటే గదిలోనే అని పెట్టు. పచ్చడి ఎండలో తిరగకూడదు.

నాన్న